నోరు తెరవండి, అత్తయ్యా

ఫిబ్రవరి 11

అత్తయ్య ముఖం కుడివైపు పెరిగింది. ఈరోజు చూశాను.

కిటికీ దగ్గర కూర్చుని సూదిలోకి దారం ఎక్కిస్తోంది. వెలుతురు పక్కనుంచి పడింది. గడ్డం పక్కన, దవడ అంచున, బుగ్గలో నిమ్మకాయ దాచుకున్నట్టు ఉబ్బు. ఎన్నాళ్ళనుంచి అని అడిగాను. ఏది అంది. వేలితో చూపించాను. ఓ, ఇదా, అంది, ఇంట్లో ఎప్పట్నుంచో ఉంటున్న చుట్టాన్ని పరిచయం చేస్తున్నట్టు.

నా ఉద్యోగమే దవడలు చూడడం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పరాయివాళ్ళ నోళ్ళలోకి టార్చి వేసి చూస్తాను. ఈ ముఖం రోజూ నా ఇంట్లోనే తిరుగుతోంది. మా ఆయన పోయాక మేమిద్దరం కలిసి టేబుల్ దగ్గర కూర్చోలేదు. ఆమె ముందే తినేస్తుంది, నేను ఎప్పుడో తింటాను. ఇలా చేద్దామని ఎవరూ అనుకోలేదు. అలవాటైపోయింది.

నోరు తెరవండి అత్తయ్యా అన్నాను. చేతిలో పని ఉంది, తర్వాత చూద్దువుగాని అంది.

ఫిబ్రవరి 12

తెరవలేదు.

ఫిబ్రవరి 14

కింది కట్టుడు పళ్ళు పట్టడం లేదు, వాటిని సరిచేయిస్తానంటే వస్తాను అని బేరం పెట్టింది. సరే అన్నాను. హాస్పిటల్‌కి తీసుకెళ్ళాను.

ఎక్స్‌రేలో కుడి దవడ వెనకనుంచి గడ్డం మధ్య దాటేదాకా నల్లగా ఉంది. ఎముక ఉండాల్సిన చోట ఖాళీ. కింద అంచు మాత్రం మిగిలింది, గుడ్డు పెంకంత మందాన. గట్టిగా కొరికితే విరుగుతుంది. ఆమెకి కొరకడానికి పళ్ళు లేకపోవడం ఒక అదృష్టం.

పక్క గదిలో పొడుగు డాక్టర్ ఉంటాడు. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నాడు. తలుపు కింద వంగి వస్తాడు కాబట్టి హాస్పిటల్ మొత్తానికీ ఆ పేరే. ఎక్స్‌రే చూసి, ఎవరిది మేడమ్ అన్నాడు. చెప్పాను. కూర్చున్నాడు.

ఇంటిమనిషికి నేను కత్తి పట్టకూడదు. కేసు అతనే తీసుకున్నాడు. ముందు సూదితో లోపలున్నది లాగాడు, చిక్కటి పసుప్పచ్చ నీరు వచ్చింది. మత్తు ఇచ్చి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాడు. పెదవి మొద్దుబారాక అత్తయ్య దాన్ని వేలితో తడిమి చూసుకుంది. ఇదేదో బాగుంది నాయనా, ఇంకో రెండు మూడు చోట్ల కూడా ఇవ్వకూడదూ, అంది.

అతను నవ్వాడు. నేను పేపర్ల మీద సంతకం పెట్టాను.

ఫిబ్రవరి 16

అత్తయ్యకి డెబ్బై ఎనిమిది. స్కూలు యూనిఫారాలు కుట్టే షాపు ముప్పై ఏళ్ళు నడిపింది. పెదవుల మధ్య గుండుసూదులు పెట్టుకుని కూడా పనివాళ్ళని తిట్టగలిగేదని ఆయన చెప్పేవారు. గుండెకి స్టెంటు ఉంది. రక్తం పల్చబడే మాత్ర వేసుకుంటుంది. కొడుకు పోయినరోజు కూడా టైముకి వేసుకుంది. గుర్తు చేసింది నేనే.

వదినకి ఫోన్ చేశాను. ఆయన అక్క. రిపోర్టు వచ్చేదాకా కంగారు పడొద్దన్నాను. నువ్వు కంగారు పడుతున్నట్టు లేదే అంది.

ఫిబ్రవరి 22

పాథాలజీ మేడమ్ తన గదికి రమ్మంది. ఆమె పిలిచిందంటే మంచి కబురు కాదని అందరికీ తెలుసు.

రెండు అవకాశాలు. ఒకటి అరుదైన తిత్తి. గ్లాండ్యులర్ సిస్ట్. ఇన్నేళ్ళ సర్వీసులో నేను వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని చూశాను. క్యాన్సర్ కాదు, కానీ మొండిది, తీసినా మళ్ళీ వస్తుంది. రెండోది క్యాన్సరే. లాలాజల గ్రంథుల్లో వచ్చే రకం, అరుదుగా ఎముక లోపలే పుడుతుంది. మైక్రోస్కోప్ కింద రెండూ అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. ముక్క చిన్నది, నేను మాత్రం రెండోదానివైపే మొగ్గుతున్నాను అంది మేడమ్.

రెండోదైతే సగం దవడ తీసేయాలి. కాలి ఎముక తెచ్చి అతకాలి. పొద్దున మొదలుపెడితే సాయంత్రందాకా పట్టే ఆపరేషన్. ఆ గుండె అంతసేపు నిలబడాలి.

థాంక్స్ చెప్పి బయటికొచ్చాను. మధ్యాహ్నం ఓపీ మొత్తం చూశాను. ఒకావిడకి జ్ఞానదంతం తీశాను. చక్కగా వచ్చింది.

ఫిబ్రవరి 23

వదిన వచ్చింది. చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టింది. నువ్వు డాక్టరువై ఉండి, ఒకే ఇంట్లో ఉండి, మా అమ్మ ముఖం వాస్తే కనిపించలేదా అంది.

జవాబు అత్తయ్య చెప్పింది. దాన్నెందుకంటావే, అత్త మొహం ఏ కోడలు చూస్తుంది, అంది కాఫీ కలుపుతూ. వదినకి నవ్వు రాబోయి ఏడుపొచ్చింది. నేను కప్పులు తీశాను.

ఫిబ్రవరి 26

డాక్టర్ల మీటింగు. అందరూ కలిసి తేల్చారు: సగం దవడ తీసేద్దాం, మార్చి రెండో వారం. తల ఊపాను.

సాయంత్రం నాలుగింటికి స్కాన్ మళ్ళీ తెరిచాను. పేరు ఉన్న మూల మీద స్టిక్కీ నోట్ అంటించాను. ఎవరో పరాయి ముసలావిడ అనుకుని చూశాను. పరాయివాళ్ళవైతే నాకు బాగా కనిపిస్తాయి.

అంచు శుభ్రంగా ఉంది. ఎముకని కొరుక్కుతినలేదు, లోపలినుంచి ఉబ్బించింది. పక్క కండలోకి పోలేదు. ముందు తీసిన ముక్క గోడ దళసరిగా ఉన్న ఒక్క చోటునుంచే వచ్చింది. క్యాన్సర్ కాదని ఇవేవీ చెప్పవు. కానీ ఒక్క ముక్కని నమ్మి సగం ముఖం కోయడానికి ఇది చాలదు.

పొడుగు డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఇంకో చోటునుంచి పెద్ద ముక్క తీద్దాం, పెద్ద ల్యాబ్‌లో జీన్ పరీక్ష చేయిద్దాం అన్నాను. క్యాన్సరే అయితే మూడు నాలుగు వారాలు పోతాయి మేడమ్, అన్నాడు. ఇది మీరు డాక్టరుగా అంటున్నారా, కోడలుగా అంటున్నారా అని అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే.

కోడలుగా నాకేమీ అనిపించడం లేదు, కాబట్టి డాక్టరుగానే అన్నాను.

అతను చాలాసేపు స్కాన్ చూశాడు. సరే అన్నాడు.

ఫిబ్రవరి 27

అత్తయ్యకి అంతా చెప్పాను. దాచడానికి ఓపిక లేదు. సగం దవడ తీస్తే మిగతా సగంతో మాట్లాడొచ్చా అంది. మాట్లాడొచ్చు, స్పష్టంగా ఉండదు అన్నాను. అయితే వద్దు, ఉన్నన్నాళ్ళు ఉండి పోతాను, స్పష్టంగా తిట్టుకుంటూ పోతాను అంది.

ముందు పరీక్ష కానివ్వండి అన్నాను. నీకేం అనిపిస్తోంది అంది. తెలియదన్నాను. అబద్ధం కాదు.

మార్చి 3

రెండో ముక్క పంపారు.

మార్చి 9

రాలేదు.

మార్చి 16

రాలేదు. ఎదురుచూస్తున్న మనిషిలా ఉండడానికి ప్రయత్నించాను. ఫోన్ చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. అత్తయ్య వచ్చి నా బ్లౌజు చేతికి ఊడిన కుట్టు వేసింది, నేను వేసుకుని ఉండగానే.

మార్చి 24, ఉదయం 11

పాథాలజీ మేడమ్ తనే ఫోన్ చేసింది. ఆ క్యాన్సర్‌లో కనిపించే జీన్ మార్పు ఇందులో లేదు. ఒక్క దాన్నిబట్టే చెప్పలేం, కానీ పెద్ద ముక్కలో తిత్తి లక్షణాలు చక్కగా కనిపిస్తున్నాయి. తిత్తే. నేను మొదట తప్పువైపు మొగ్గాను అని కూడా అంది. ఆ మాట అననక్కర్లేదు. అంది.

పొడుగు డాక్టర్ నా చేతులు పట్టుకుని ఊపేశాడు. అతనికి అంత సంతోషం వచ్చింది. నేనూ ఊపాను.

వదిన ఫోన్‌లో ఏడ్చింది. అత్తయ్య మాత్రం, అయితే నా కింది పళ్ళ సంగతేమిటి అంది.

మార్చి 26

ఇప్పుడే గీకి తీసేస్తే దవడ విరుగుతుంది. అందుకని ముందు తిత్తికి కన్నం పెట్టి చిన్న ట్యూబు అమర్చాలి. లోపలి ఒత్తిడి పోతే అది ముడుచుకుంటుంది, చుట్టూ ఎముక మెల్లగా పెరుగుతుంది. కొన్ని నెలల తర్వాత మిగిలింది తీసేయాలి. అప్పటిదాకా రోజూ పొద్దునా సాయంత్రం ఆ ట్యూబులోకి సిరంజితో సెలైన్ కొట్టి కడగాలి. ఒక్కరోజు మానినా మురిగిపోతుంది.

ఎవరు కడుగుతారని పొడుగు డాక్టర్ అడగలేదు. నావైపు చూశాడంతే.

మార్చి 31

ట్యూబు పెట్టారు. అరగంట పని. అత్తయ్య ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంది. కుళాయి పెట్టించుకున్నాను, ఇక నీళ్ళకి ఇబ్బంది లేదు, అంది.

ఏప్రిల్ 2

మొదటిసారి ఇంట్లో కడిగాను. వంటింటి కిటికీ దగ్గర స్టూలు వేశాను. ఒళ్ళో తువ్వాలు, చేతిలో గిన్నె. నోరు తెరవండి అత్తయ్యా అంటే తెరిచింది. ముఖం ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఆయన కనుబొమలు ఆమెవే.

ఇద్దరికీ ఇబ్బందిగా ఉంది. ఆమె నోట్లో నా చెయ్యి ఉంది, మాట్లాడే వీల్లేదు. నేనే మాట్లాడాను. హాస్పిటల్ లిఫ్టు చెడిపోయిందని చెప్పాను.

ఏప్రిల్ 13

రోజూ రెండు పూటలా మాట్లాడుతున్నాను. లిఫ్టు బాగైంది. చెప్పడానికి ఏమీ మిగల్లేదు. పొద్దున నోటికొచ్చింది చెప్పేశాను. ఆయన షేవింగ్ మిషన్ ఇంకా ప్లగ్గులోనే ఉంది, పచ్చ లైటు వెలుగుతూనే ఉంది, మీకు బాధ కలుగుతుందేమోనని తీయలేదు అన్నాను. ఆమె పైకి చూస్తూ ఉంది. నీళ్ళు గిన్నెలోకి కారాయి.

సాయంత్రం బట్టలు మడతపెడుతూ, ఏ సందర్భమూ లేకుండా, నేనూ నీకోసమే ఉంచాను, దుమ్ము తుడిచినప్పుడల్లా వైరు కదలకుండా తుడుస్తున్నాను, అంది.

కాసేపటికి వెళ్ళి తీసేసింది. నేను చూస్తూ నిలబడ్డాను. ఆ చోట గోడ మీద మచ్చ ఉంది.

మే 6

ఇదొక పద్ధతైంది. పొద్దున నేను చెప్తాను. జవాబు ఎప్పుడో వస్తుంది, ఉల్లిపాయ తరుగుతుంటేనో, నేను మెట్లు దిగుతుంటేనో. ఆయన బస్సు దిగి పడిపోయిన చోటు మీదుగా నేను రోజూ హాస్పిటల్‌కి వెళ్తానని సోమవారం చెప్పాను. బుధవారం గేటు దగ్గర ఆపింది. వేరే దారి లేదా అంది. ఉంది, చుట్టు తిరగాలి అన్నాను. తిరుగు, అంది.

తిరిగాను. ఆలస్యమైంది. ఎవరూ ఏమీ అనలేదు.

మే 25

ఉబ్బు సంగతి ఎందుకు దాచారని ఇన్నాళ్ళకి అడిగాను. వాడు పోయిన వారంలోనే చేతికి తగిలింది. ఒకడు వెళ్ళిన వెంటనే ఇంకొకరు జబ్బు పడితే, నన్నూ చూడండి అన్నట్టు ఉంటుంది కదా, అంది. ఆ తర్వాత, నీ మొహం చూస్తే చెప్పబుద్ధి కాలేదు అంది.

నా ముఖం ఆమె చూసిందన్నమాట.

జూన్ 8

వదిన అమ్మని తీసుకెళ్తానంది, కొన్నాళ్ళు ఉంచుకుంటానని. కడగడం ఎలాగో చూపించాను. ఫోన్‌లో వీడియో తీసుకుంది. ఈమాత్రం నేను చేయలేనా అంది. కార్లో అత్తయ్య వెనక్కి తిరిగి చూడలేదు. ఇల్లు సర్దాను. సిరంజి చేతికి అలవాటైంది, సాయంత్రం చెయ్యి ఖాళీగా ఉంది.

జూన్ 11

కడిగారా అని అడిగాను. కడిగానంది వదిన.

జూన్ 17, ఉదయం 9

జ్వరం అని ఫోన్. నోరు తెరవలేకపోతోందట.

జూన్ 17, సాయంత్రం

వెళ్ళేసరికి అత్తయ్య ముఖం ఎర్రగా ఉంది, బుగ్గ మెరుస్తోంది. ట్యూబులోంచి చీము. వాసన గుమ్మం దాకా ఉంది.

వదిన నిజం చెప్పింది. మొదటిరోజు ఆ కన్నంలోకి చూడగానే కళ్ళు తిరిగాయట. సిరంజి లోపలికి పెట్టలేకపోయింది. నాల్రోజులు మానితే ఏమవుతుందిలే అని అమ్మ కూడా అందట. నాకు ఫోన్‌లో తల్లీకూతుళ్ళిద్దరూ కలిసి అబద్ధం ఆడారు.

అక్కడే స్టూలు వేసి కడిగాను. అత్తయ్య గట్టిగా నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి. తర్వాత కారు ఎక్కించి హాస్పిటల్లో చేర్చాను. ఎక్స్‌రే తీశారు. దవడ విరగలేదు. సెలైన్ బాటిల్, ఇంజెక్షన్లు. పొడుగు డాక్టర్ రాత్రి డ్యూటీ తనే వేయించుకున్నాడు.

వరండాలో వదిన, తిట్టు అంది. నువ్వు తిట్టకపోతే నాకు ఊపిరాడదు అంది. తిడదామనే అనుకున్నాను. వెతికితే ఒక్క మాటా దొరకలేదు.

జూన్ 20

జ్వరం తగ్గింది. సిరంజి వదిన చేతిలో పెట్టాను. పట్టుకోండి అన్నాను. వద్దంది. పట్టుకోండి, అన్నాను మళ్ళీ. మొదటిసారి సగం సెలైన్ అత్తయ్య మెడ మీదికి పోయింది. రెండోసారి లోపలికి వెళ్ళింది.

ఏదో ఒకటి మాట్లాడండి, ఆమె జవాబు చెప్పలేరు, అదే సుఖం అన్నాను. వదిన, తమ్ముడు చిన్నప్పుడు షాపులో కత్తెర దాచేసి ఎవరికీ దొరక్కుండా తిరిగిన రోజు చెప్పడం మొదలుపెట్టింది. నేను బయటికొచ్చాను. తలుపు వెనకనుంచి వింటూ నిలబడ్డాను. ఆ కథ నాకు ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

ఆగస్టు 3

ఆదివారాలు వదిన వచ్చి కడుగుతోంది. నాకంటే మెత్తగా కడుగుతుందని అత్తయ్య సర్టిఫికెట్.

అక్టోబర్ 6

ఆయన పోయి ఏడాది. ఇద్దరం టేబుల్ దగ్గర కూర్చుని తిన్నాం. ఆమె రెండోసారి వడ్డించుకుంది.

నవంబర్ 19

కొత్త ఎక్స్‌రే. నలుపు సగానికి పైగా పోయింది. కింద అంచు బలపడింది. డెబ్బై ఎనిమిదేళ్ళ ఎముక ఇంత పెరుగుతుందని నేను క్లాసులో చెప్పను, చెప్పినా ఎవరూ నమ్మరు. డిసెంబర్‌లో మిగిలింది తీసేద్దామన్నాడు పొడుగు డాక్టర్. గుండె డాక్టర్ ఒప్పుకున్నాడు.

డిసెంబర్ 4

ఆపరేషన్. నేను తలుపుకి ఇవతల. ఇన్నేళ్ళలో ఈ బెంచీ మీద కూర్చోవడం ఇదే మొదటిసారి. చాలా గట్టిగా ఉంది, మార్పించాలి. వదిన నా చెయ్యి పట్టుకుంది. పట్టుకోనిచ్చాను.

మధ్యాహ్నం పొడుగు డాక్టర్ వంగి బయటికొచ్చాడు. తిత్తి మొత్తం వచ్చింది, చుట్టూ ఎముక అరగదీశాం, దవడ నిలిచింది అన్నాడు. నరాన్ని కాపాడాం, కానీ బాగా లాగాల్సొచ్చింది, కింది పెదవి కొన్నాళ్ళు మొద్దుగా ఉండొచ్చు అన్నాడు. ఆ మాట చెప్తున్నప్పుడు నా స్టూడెంట్‌లా నిలబడ్డాడు. బాగా చేశావు అన్నాను. అది నిజంగానే అన్నాను.

డిసెంబర్ 9

ఇంటికి తెచ్చాం. కుడిపక్క పెదవి తెలియడం లేదు. కాఫీ గడ్డం మీదికి కారుతోంది, ఆమెకి తెలియదు. తుడుస్తున్నాను. సగం పెదవి నాది, సగం అద్దెకిచ్చాను, అంది.

మళ్ళీ కారింది. మళ్ళీ తుడిచాను. అప్పుడు నా చెయ్యి ఆపి, వాడు పోయినప్పట్నుంచి నీకు ఒళ్ళంతా ఇలాగే ఉందా, అంది.

అవునన్నాను.

తువ్వాలు నా చేతిలోంచి తీసుకుంది. ఏం చేయాలో తోచక దాన్ని మడతపెట్టింది.

జనవరి 15

తీసిన తిత్తి మొత్తం పరీక్ష చేశారు. క్యాన్సర్ ఎక్కడా లేదు. అయినా మళ్ళీ వచ్చే రకం కాబట్టి ఏటా ఎక్స్‌రే తీయించుకోవాలన్నాడు పొడుగు డాక్టర్. ఏటా రమ్మంటే ఏటా ఉండాలన్నమాట, ఈ వయసులో నామీద పెద్ద బరువే పెట్టావు నాయనా, అంది.

ఫిబ్రవరి 20

పెదవి మీద చీమలు పాకుతున్నట్టు ఉందట. మంచిదే, నరం లేస్తోంది. పొద్దస్తమానం గోక్కుంటోంది. కొత్త కింది పళ్ళకి కొలత ఇచ్చాం.

మార్చి 12

ఓపీలో ఒక పెద్దాయన. నోరు తెరవండి అంటే తెరిచాడు. టార్చి వేశాను. వాపు లేదు, పుండు లేదు, ఏమీ లేదు. అంతా శుభ్రంగా, గులాబీ రంగులో ఉంది. బాగుంది అందామని నోరు తెరిచాను. ఏడుపొచ్చింది. ఆగలేదు. నర్సు పరిగెత్తుకొచ్చింది. పెద్దాయన నోరు మూసుకుని, నా స్టూలుని తన దగ్గరికి జరుపుకుని, తన నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాడు. నా దవడ సంగతి రేపు చూద్దాం లెండమ్మా, అన్నాడు.

ఇంటికొచ్చి అత్తయ్యకి చెప్పాను.

ఇప్పటికా, అంది.